దూలం మీది గొంతు

మహదేవప్పగారి బోర్డింగులో పిల్లల్ని నిద్రలేపేది గంట కాదు, ఆంజనేయ మాస్టారి దగ్గు. ఆ దగ్గు వరండా ఈ చివర మొదలై ఆ చివరికి చేరేలోగా పిల్లలంతా దుప్పట్లు మడిచి, అరచేతిలో పళ్ళపొడి పోసుకుని, బావి దగ్గర వరసలో నిలబడి ఉండాలి. తరవాత డ్రిల్లు, చన్నీళ్ళ స్నానం, ప్రార్థన, జొన్నరొట్టె. లెక్కలు, కన్నడం, ఇంగ్లీషు అయ్యాక మళ్ళీ జొన్నరొట్టె. ఎండ వాలాక హాకీ. రాయచూరు నుంచి గిల్లేసూగూరు పోయే రోడ్డు మీద, ఊరు దాటాక రాళ్ళగుట్ట పక్కన ఉండేదా బడి. అంతా మగపిల్లలే. సగంమంది తమదైన యాసలో తెలుగు మాట్లాడే రాయచూరు వాళ్ళు. మిగతావాళ్ళు తుంగభద్ర కాలవ పారడం మొదలయ్యాక కోస్తా నుంచి వచ్చి, క్యాంపులు వేసుకుని, వరి పండించుకుంటున్న రైతుల పిల్లలు. ఈ క్యాంపుల పిల్లలు మొదటి ఏడాది జొన్నరొట్టె చూసి ఏడ్చేవాళ్ళు. రెండో ఏడాది పక్కవాడి రొట్టె కూడా లాక్కునేవాళ్ళు.

ప్రార్థన హాల్లో కింద పిల్లలు పాడుతుంటే పైన దూలాల మీంచి మరికొన్ని గొంతులు కలిసేవి. అవి ఆ బడి పిల్లల పాత గొంతులు. మీసకట్టు మొదలయ్యే వయసులో మగపిల్లాడి గొంతు బొంగురుపోతుంది కదా, అప్పుడు వాణ్ణి వదిలేసిన లేత గొంతు ఎక్కడో ఓ చోట ఉండాలి. ఆ బడిలో అయితే హాలు దూలాల మీద, పిచ్చుకల పక్కన ఉండేది. పెద్దవాళ్ళై రైల్వేలోనో తాలూకా కచేరీలోనో ఉద్యోగాలు చేసుకునే పాత విద్యార్థులు ఎప్పుడైనా వస్తే, హాల్లో కాసేపు కూర్చుని తమ గొంతుతో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళేవాళ్ళు. హాజరు పిలిచేటప్పుడు ఒక్కో పేరుకు పైనుంచి ఒకటి, కిందనుంచి ఒకటి జవాబు వచ్చేది. "మీదోడు గాదు, కిందోడు జెప్పాలె" అని ఆంజనేయ మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఆగేవాడు. జిల్లా పాటల పోటీల్లో మాత్రం ఆ బడికి ఏనాడూ బహుమతి రాలేదు. ఆ గొంతుల్ని మాస్టారు ఎంత బతిమాలినా హాలు గడప దాటి వచ్చేవి కావు.

బాపయ్యది మస్కి దగ్గరి క్యాంపు. తాత పేరు పెట్టారు కాబట్టి ఆ పేరుకు వాణ్ణి తప్పు పట్టాల్సిన పని లేదు. హనుమయ్య, వెంకటరత్నమ్మలకు ఒక్కగానొక్క కొడుకు. హనుమయ్య గుంటూరు జిల్లాలో ఉన్న చెక్క పొలం అమ్ముకుని ఇక్కడ నల్లరేగడి కొన్నాడు. కాలవకి నీళ్ళు వదలమని ఇంజనీరు గది ముందు చేతులు కట్టుకుని నిలబడీ నిలబడీ విసిగిపోయి, ఏనాటికైనా తన కొడుకు ఆ గదిలో కుర్చీ మీద కూర్చోవాలని ముచ్చటపడ్డాడు. అందుకే క్యాంపులో పలక పట్టిన పిల్లాణ్ణి తీసుకొచ్చి బోర్డింగులో వేశాడు.

వెంకటరత్నమ్మకి అది మొదటినుంచీ గిట్టలేదు. తల్లిదండ్రులు వచ్చి చూసుకునే ఆదివారం నాడు, మొదటి ఏడాదంతా బాపయ్య ఆమె కొంగు వదిలేవాడు కాదు. "అమ్మా, నేనింటికొస్తా. నన్ను తీసుకెళ్ళవే" అని ఒకటే పాట. ఆమె ఏడుస్తుంటే హనుమయ్య ఆమె చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి బస్సెక్కించేవాడు. పిల్లాడు క్రమంగా ఆ పాట మానేశాడు. హాకీ కర్ర చేతికొచ్చింది. జామెట్రీలో వృత్తాలు గీస్తుంటే వాడికి పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. రాయచూరు కిల్లా పక్కనుండే వీరేశ్ అనేవాడు ప్రాణస్నేహితుడయ్యాడు. పిల్లాడు మానేసిన పాట తల్లి అందుకుంది. "ఒక్క బిడ్డని కని పరాయి పంచన పెట్టుకున్నాం. పొలం ఎవరి కోసమయ్యా? వాడికి ఇంటి మీదే ఉంది మనసు. నాకు తెలవదా?" అని రోజూ పోరు.

పోరు పడలేక దసరాకి హనుమయ్య ఒక మాటన్నాడు. "సరే. కోతలయ్యాక స్కూల్ డే ఉందిగా. ఇద్దరం పోదాం. నీ ముందూ నా ముందూ వాడి నోటితో వాడేం చెబితే అది. ఇంటికొస్తానంటే అప్పుడే పెట్టె సర్దించి బస్సెక్కిద్దాం. ఉంటానంటే నువ్వింక నోరెత్తగూడదు." ఆమె ఒప్పుకుంది. ఈ సంగతి కొడుక్కీ చెప్పారు. హనుమయ్య మాటంటే మాటే, క్యాంపులో నీళ్ళ తగువులన్నీ ఆయన దగ్గరే తీరేవి.

బాపయ్యకి ఏం చెప్పాలో తెలుసు. ఉంటానని చెప్పాలి. ఒకసారి బావి దగ్గరా, ఒకసారి హాకీ గ్రౌండులో తనలో తను అనుకుని చూసుకున్నాడు కూడా. ఉంటాను నాన్నా, ఇంజనీరు చదువుతాను. అనుకున్నప్పుడు బాగానే ఉండేది గానీ, అనుకున్న కాసేపటికి కడుపులో ఏదో దిగులుగా ఉండేది. ఆకలేమోననుకుని రొట్టె తినేవాడు.

కోతలు మొదలయ్యాక ఒక పొద్దున, బావి దగ్గర ఒళ్ళంతా నీళ్ళతో ఉండి, వీరేశ్‌ని సబ్బడగబోయి నోరు తెరిచాడు. గరగరమంటూ ఎవరిదో గొంతు బయటికొచ్చింది. "అరేయ్ వీరేశ్, సబ్బు ఇటియ్యి, జల్ది!" బాపయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు.

"ఏంది బే, నీ గొంతు బోయింది!" అని వీరేశ్ నవ్వాడు. "ఖుషీ జెయ్యి. ఇగ నువ్వు మొగోనివి."

గొంతు పోతే పోయింది, అందరికీ పోయేదే. కానీ మాట కూడా పోయింది. ఇంట్లో మాట్లాడే మాట ఒక్కటి కూడా నోట్లో మిగల్లేదు. 'వస్తాను' అందామంటే 'ఒస్త' అని వస్తోంది. 'ఎట్లా' అందామంటే 'ఎట్ల' అని వస్తోంది. ఇన్నేళ్ళూ హాకీ గ్రౌండులో వీరేశ్ జట్టుతో అరిచిన అరుపులన్నీ కొత్త గొంతులో స్థిరపడ్డాయి. కొంగు పట్టుకుని మాట్లాడిన మాటలన్నీ పాత గొంతుతో వెళ్ళిపోయాయి. ఆ ఉదయం ప్రార్థనలో మూడో దూలం మీంచి తన గొంతు తనకే వినపడింది. గుంటూరు యాసలో, కొంచెం ముక్కుతో, హాయిగా పాడుతోంది. బాపయ్య తలెత్తి చూశాడు. పిచ్చుక తప్ప ఏమీ కనపడలేదు.

మధ్యాహ్నం అందరూ రొట్టెల దగ్గరుండగా ఒక్కడే హాల్లోకి వెళ్ళాడు.

"ఓయ్, నేనే" అన్నాడు పైకి చూసి.

"ఎవరండీ?" అంది గొంతు.

"నేనేరా, బాపయ్యను."

"బాపయ్యని నేను గదా?" అంది గొంతు, తగువుకు కాదు, నిజంగానే అడిగినట్టు.

బాపయ్య లెక్క చూసుకున్నాడు. హాజరు పట్టీలో ఉండే పేరు తనది. రొట్టె తినేది తను. కానీ ఆ పేరుకు తాతగారి ఊళ్ళో పలికినవాడు, అమ్మ పిలిస్తే వాకిట్లోంచి పరిగెత్తుకుంటూ 'ఓయ్' అన్నవాడు పైన ఉన్నాడు. "మీద ఏం జేస్తున్నవ్?" అని అడిగాడు చివరికి.

"మా అమ్మ కోసం చూత్తన్నా. స్కూల్ డేకి వత్తదంటగా. ఇంటికి పోతా నేను."

"నేను పోను. చదువుకుంట."

"నువ్వు చదువుకో. నేను పోతా" అంది గొంతు. కోపం లేదు, బతిమాలడమూ లేదు. బాపయ్యకి మాత్రం ఎవరో తన చొక్కా తొడుక్కుని తన ఎదురుగా నిలబడ్డట్టు చిరాకేసింది. చిరాకుతో పాటు, ఎందుకో, ఏడుపూ వచ్చింది.

అసలు చిక్కు నాటకం దగ్గర వచ్చింది. స్కూల్ డేకి ఆంజనేయ మాస్టారు స్వయంగా రాసిన పద్యనాటకం. అడవిలో తప్పిపోయిన కొడుకు కోసం ఒక రాణి కొండా కోనా వెతుకుతుంది. క్యాంపుల వాళ్ళకి పద్యమంటే ప్రాణం కాబట్టి రాణికి పద్యాలు ఎక్కువ పెట్టాడు. ఆ రాణి బాపయ్యే. ఈ బొంగురు గొంతుతో రాణి పాడితే అడవిలో కొడుకు ఇంకా దూరం పారిపోతాడని వీరేశ్ అన్నాడు.

మాస్టారు ఏమీ కంగారు పడలేదు. "గిండ్ల పరేషానేముంది? నాటకం ఈ హాల్లనే గదా. నువ్వు మూతి కదిలియ్యి, మీది నుంచి అది పాడ్తది" అన్నాడు. పైకి చూసి, "ఏమయ్యా, పాడ్తవు గదా?" అన్నాడు.

"పాడతానండీ" అంది గొంతు.

ఆ రోజు నుంచీ హార్మోనియం ముందు మాస్టారు, కింద బాపయ్య, పైన గొంతు. మొదట్లో పెదాలు వెనకబడేవి. మాస్టారు పుల్లతో మోకాలి మీద ఒకటి వేసేవాడు. చివరికి ఎంత సాధన అయిందంటే, పైన గొంతు ఊపిరి తీసుకోగానే కింద బాపయ్య పెదాలు వాటంతటవే విచ్చుకునేవి. శభాష్ అన్నాడు మాస్టారు. మెచ్చుకున్నది తననో దాన్నో తెలియక బాపయ్య తలూపాడు.

స్కూల్ డే నాడు మధ్యాహ్నం బస్సుకి తల్లీతండ్రీ దిగారు. వెంకటరత్నమ్మ చేతిలో సున్నుండల డబ్బా. బాపయ్య పరిగెత్తుకుంటూ ఎదురెళ్ళాడు. దారి పొడుగునా 'బాగున్నావా అమ్మా' అని అనుకుంటూనే వెళ్ళాడు. నోరు తెరిచేసరికి, "అమ్మా, మంచిగున్నవా? బస్సుల జాగ దొరికిందా?" అని వచ్చింది.

ఆమె అతని భుజం మీదుగా వెనక్కి చూసింది, ఇంకా ఎవరైనా వస్తారేమోనని. హనుమయ్య పెద్దగా నవ్వాడు. "నీ కొడుకేనే! గొంతు మారింది."

ఆమె బాపయ్య చెంప నిమిరింది, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పోలిక మావాడిదే" అంది నెమ్మదిగా. "మాటే... ఇక్కడి ఊళ్ళోవాళ్ళ పిల్లాడు మాట్టాడినట్టుందయ్యా." బాపయ్యకి మొహం మాడిపోయింది. ఇంకో మాటంటే ఇంకా పరాయివాడినవుతానేమోనని నోరు మూసుకున్నాడు.

అంతలో హాల్లోంచి "అమ్మా!" అని కేక వినపడింది.

వెంకటరత్నమ్మ చేతిలో డబ్బాతో అటే నడిచింది. మూడో దూలం కింద చాప మీద కూర్చుని, తల పైకెత్తి, ఇక లేవలేదు. గేదె ఈనిందని చెప్పింది, పక్కింటి వాళ్ళ అమ్మాయికి పెళ్ళి కుదిరిందని చెప్పింది. పైన గొంతు ఏ దూడ అనీ, నుదుట చుక్కుందా అనీ అడుగుతోంది. ఆమె నవ్వుతోంది, ఏడుస్తోంది. వరండాలో తండ్రి పక్కన కూర్చుని బాపయ్య ఇదంతా వింటున్నాడు. దూడ నుదుట చుక్కుందో లేదో తెలుసుకోవాలని తనకీ ఉంది. అయితే ఆ ప్రశ్న అప్పటికే తనే అడిగేసినట్టు కూడా ఉంది.

"నాన్నా, నేనొక మాట జెప్పాలె" అన్నాడు.

"ఇప్పుడు గాదు" అన్నాడు హనుమయ్య. "మీ అమ్మ లోపలుందిగా. నాటకం అయినాక ఇద్దరి ముందూ చెప్పు."

ఎండ వాలాక హాలు నిండిపోయింది. ఒక పక్క రాయచూరు వాళ్ళు, ఒక పక్క క్యాంపుల జనం. బాపయ్య పట్టుచీర కట్టుకుని, సవరం పెట్టుకుని తెర వెనక నుంచి వచ్చి నిలబడ్డాడు. మొదటి పద్యం ముగిసేసరికి క్యాంపుల వైపు నుంచి "వన్స్ మోర్!" అని ఒకటే అరుపులు. పద్యం బాగుంటే మళ్ళీ పాడించుకోవడం వాళ్ళ హక్కు. అలా అరవకపోతే కళాకారుణ్ణి అవమానించినట్టని వాళ్ళ లెక్క. గొంతు మళ్ళీ పాడింది, పెదాలు మళ్ళీ కదిలాయి. రెండో పద్యానికీ అంతే. హెడ్మాస్టరుగారు కుర్చీలో తాళం వేస్తున్నారు.

మూడో పద్యంలో రాణి కొడుకుని పేరు పెట్టి పిలవాలి. హార్మోనియం మీద శ్రుతి పెరిగింది. గొంతు ఊపిరి తీసుకుంది. బాపయ్య పెదాలు విచ్చుకున్నాయి.

"అమ్మా, నేనింటికొస్తా! నన్ను తీసుకెళ్ళవే!"

రాగం తప్పలేదు. అంత దుఃఖం ఆ నాటకంలో అంతవరకూ ఎవరూ వినలేదు. క్యాంపుల జనం లేచి నిలబడ్డారు. రాణి కొడుకు బాధని రాణి నోట పలికించాడు, మాస్టారు ఎంత గొప్పగా రాశాడనుకున్నారు వాళ్ళు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

గొంతు మళ్ళీ పాడింది. బాపయ్య ఆపుకోవాలనుకున్నాడు. సాధన చేసిన పెదాలు ఆగలేదు. ప్రతి అక్షరానికీ అచ్చంగా కదిలాయి. ముందు వరసలో తండ్రి తన నోటి వైపే చూస్తున్నాడు. వాడి నోటితో వాడేం చెబితే అది. తల్లి అప్పటికే లేచింది, పెట్టె ఎక్కడుందో చూడ్డానికి. మళ్ళీ "వన్స్ మోర్" అన్నారు. మూడోసారి కూడా తన నోటితో, తన తల్లీతండ్రుల ముందు, ఇంటికొస్తానని బాపయ్య చెప్పేశాడు.

అప్పుడు రెండు చేతులతో నోరు నొక్కుకున్నాడు. గాజులు గలగలమన్నాయి. చేతులు తీసేసి, బొంగురు గొంతుతో హాలు దద్దరిల్లేలా అరిచాడు.

"నేను రాను! ఈడనే ఉంట! చదువుకుంట!"

హార్మోనియం ఆగిపోయింది. పట్టుచీర కట్టిన రాణి మగగొంతుతో అరిచేసరికి క్యాంపుల వాళ్ళు తెల్లబోయారు. రాయచూరు వాళ్ళకి ఇది హాస్యం అనిపించి చప్పట్లు కొట్టారు. వెనకనుంచి వీరేశ్, స్నేహితుడికి సాయం చేద్దామని, "వన్స్ మోర్!" అని అరిచాడు.

బాపయ్య మళ్ళీ చెప్పాడు. "నేను రాను. ఈడనే ఉంట." మొదటిసారి నిజంగానే అన్నాడు. రెండోసారి అంటుంటే అది నిజమో కాదో తనకే తెలియలేదు. పైన గొంతు వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ ఏడుపుకు తన గుండె ఎందుకు ఎగిసిపడుతోందో కూడా తెలియలేదు.

హనుమయ్య స్టేజీ దగ్గరికొచ్చాడు. తలపాగా తీసి, తల గోక్కుని, ఒకసారి కొడుకునీ ఒకసారి దూలాన్నీ చూశాడు. రెండు పొలాల వాళ్ళూ ఒకే కాలవ మాదంటే ఇద్దరిదీ నిజమేనని తేలిన రోజులు ఆయన చాలా చూశాడు.

"ఇద్దరూ చెప్పింది నిజమే" అన్నాడు. "వస్తానన్నవాణ్ణి తీసుకెళ్దాం. ఉంటానన్నవాణ్ణి ఉంచుదాం. ఏమంటావే?"

 వెంకటరత్నమ్మ మూడో దూలం కిందికి పోయి కొంగు పట్టింది. "రా నాయనా" అంది. ఏ గొంతూ ఆ గడప దాటి పోయిన దాఖలా లేదు. అయితే అంతవరకూ ఏ తల్లీ వచ్చి రమ్మని పిలవనూ లేదు. పైన ఏడుపు ఆగింది. కొంగులో ఏమీ పడ్డట్టు కనపడలేదు గానీ, ఆమె దాన్ని ఎంతో జాగర్తగా మడిచి గుండెకి హత్తుకుంది. ఆ మడతలోంచి చిన్నగా నవ్వు వినపడింది. "రేపటి ప్రార్థనల పై శ్రుతికి తిప్పలే" అన్నాడు ఆంజనేయ మాస్టారు. 

వెళ్ళేముందు ఆమె బాపయ్య దగ్గర ఆగి, సున్నుండల డబ్బా చేతికిచ్చింది. "వేళకి తిను బాబూ" అంది. మంచిగానే అంది, ప్రేమగానే అంది. క్యాంపులో ఎవరి పిల్లాడితోనైనా అలాగే అనేది. ఆఖరి బస్సుకి వాళ్ళు వెళ్ళిపోయారు. బాపయ్య చీర విప్పి మడిచి పెట్టి, వీరేశ్‌తో కలిసి సున్నుండలు తిన్నాడు. గెలిచినట్టుంది. గెలిచినవాడికి ఉండాల్సిన సంతోషం కోసం చాలాసేపు చూశాడు, అది రాలేదు.

తరవాతి ఆదివారాలు తండ్రి ఒక్కడే వచ్చేవాడు. చదువు గురించి అడిగేవాడు, జామెట్రీ మార్కులకి మురిసిపోయేవాడు.

"అమ్మ ఎందుకు రాలే?" అని బాపయ్య ఒకసారి అడిగాడు.

"ఇంట్లో చిన్నపిల్లాడున్నాడు గదరా, ఎట్లా వత్తది?" అన్నాడు హనుమయ్య. 

ఎండాకాలం సెలవులకి బాపయ్య ఇంటికి బయల్దేరాడు. బస్సులో దారంతా మాటలు పేర్చుకున్నాడు. ఆ గొంతు నేనే, నేను నీ బాపయ్యనే, నాకు తమ్ముడెవడూ లేడు అని చెప్పాలి. అమ్మ కాదంటే తండ్రిని పిలిచి తగువు పెట్టాలి. క్యాంపులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. కాలవ కట్టేసి ఉంది, చేలన్నీ ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి. వాకిట్లో నిలబడి, గొంతు చించుకుని, "అమ్మా, నేనొచ్చిన!" అన్నాడు.

వెంకటరత్నమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఈసారి అతని భుజం మీదుగా వెనక్కి చూడలేదు. మొహం విప్పారింది. చేతిలో పెట్టె అందుకుని, తల నిమిరి, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "వచ్చావా నాయనా! ఎంత పొడుగయ్యావు, ఎంత చిక్కిపోయావు! నీ కోసం రోజూ అడుగుతున్నాడు, అన్నయ్య ఎప్పుడొత్తాడని." అంటూనే నోటి మీద వేలు పెట్టుకుని గదిలోకి చూపించింది. లోపల నులకమంచం మీద పక్క పరిచి ఉంది. పక్క ఖాళీగా ఉంది, దాని మీంచి సన్నగా గురక వినపడుతోంది. "ఇప్పుడే పడుకున్నాడు. కాస్త మెల్లగా మాట్టాడు నాయనా, తమ్ముడు లేత్తాడు."

పేర్చుకున్న మాటలన్నీ బాపయ్య నోటిదాకా వచ్చాయి. అమ్మ చెయ్యి ఇంకా తన తల మీదే ఉంది. అది ఎక్కడ తీసేస్తుందోనని భయమేసింది.

"ఆకలైతుందమ్మా" అన్నాడు, తనకే సరిగా వినపడనంత మెల్లగా.